బఫే మీరే ఉంచుకోండి, మాకు నడుము వాల్చే కుర్చీ ఇప్పించండి

కేంద్ర పౌర విమానయాన శాఖ వారికి,
విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ వారికి,
ఎయిర్‌పోర్టులు, వాటిలో లాంజ్‌లు నడిపే కంపెనీల వారికి,
కార్డులిచ్చే బ్యాంకుల వారికి,

విషయం: ఎయిర్‌పోర్టుల్లో మామూలు ప్రయాణికులు అందుకోగలిగే ధరకి కూర్చునే చోటు గురించి.

నమస్కారం. కుశల ప్రశ్నలతో మీ టైమ్ తినను.

ఎయిర్‌పోర్టు లాంజ్ (మెత్తటి కుర్చీలు, బఫే ఉండే విశ్రాంతి గది) గురించి నాలుగు నెలల కిందట ఒక బ్యాంకుకీ ఒక ఎయిర్‌పోర్టుకీ విడివిడిగా మెయిల్ పెట్టాను. బ్యాంకు జవాబు నా అభిప్రాయం వాళ్లకి ఎంతో విలువైనదని మొదలై, కార్డు నిబంధనల లింకుతో అయిపోయింది. ఎయిర్‌పోర్టు వాళ్లు లాంజ్ మా చేతిలో లేదు, నడిపేవాళ్లని అడగండి అన్నారు. నడిపేవాళ్లని అడిగితే కార్డు సంగతి బ్యాంకుతో తేల్చుకోమన్నారు. ఈ ముగ్గురి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాక ఓపిక అయిపోయి, అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాసేస్తున్నా. పేర్లు ఎవరివీ చెప్పను. ఒక బ్యాంకుదో ఒక ఎయిర్‌పోర్టుదో అయితే ఇంత రాసేదాన్నే కాదు.

జరిగింది ఇదీ. అమ్మకి 68 ఏళ్లు. షుగరు, మోకాళ్ల నొప్పులు, రాత్రి ఎనిమిదికి ఇన్సులిన్. పశ్చిమ గోదావరి జిల్లాలో మా ఊరి నుంచి నా దగ్గరికి తీసుకొస్తున్నా. ఏడు నలభైకి ఫ్లైటు. ఇంటి దగ్గర మధ్యాహ్నమే బయల్దేరాం. సెక్యూరిటీలో పులిహోర డబ్బా వదిలారు కానీ ఆవకాయ సీసా తీసేశారు (నిబంధన ఉందట, తెలియక చేతి సంచిలో పెట్టడం మా తప్పే). అమ్మ ఆ సీసా వైపు వెనక్కి వెనక్కి చూసుకుంటూ నడిచింది. లోపలికెళ్లి కూర్చున్నాక ఫ్లైటు ఎనిమిదిన్నరకి అన్నారు. కాసేపటికి తొమ్మిదింబావు అన్నారు. చివరికి పదకొండు పది. మూడున్నర గంటల ఆలస్యమని మొదటే చెప్పి ఉంటే అది ఒక రకం, ఇలా వాయిదాల మీద చెప్తే ఎక్కడికీ కదలడానికి లేదు, గేటు ముందే కాపలా కాయాలి.

గేటు దగ్గరవి ఇనుప కుర్చీలు. మధ్యమధ్య చేతులు పెట్టినవి, అంటే ఎవరూ పొరపాటున కూడా పడుకోకుండా. పైన ఏసీ. అమ్మ శాలువా కప్పుకుని కాళ్లు సంచి మీద పెట్టుకుంది. నా దగ్గర లాంజ్‌కి పనికొస్తుందని ఆశపెట్టి అంటగట్టిన క్రెడిట్ కార్డు ఉంది కదా అని లాంజ్‌కి తీసుకెళ్లాను. రిసెప్షన్లో అబ్బాయి మర్యాదస్తుడే. కార్డుకి అర్హత ఉందో లేదో చూడటానికి మెషీన్లో పెట్టి రెండు రూపాయలు కొట్టాడు. డిక్లైన్. తుడిచి మళ్లీ పెట్టాడు. డిక్లైన్. “ఈ క్వార్టర్‌కి మీ కార్డు ఎలిజిబుల్ కాదు మేడమ్” అన్నాడు మెల్లగా, వెనక క్యూలో వాళ్లకి వినపడకుండా. ముందు మూడు నెలల్లో బ్యాంకు గీసిన గీతకి నా ఖర్చు తొమ్మిది వేలు తక్కువైందట. ఇంటద్దె, పెట్రోలు లెక్కలోకి రావట. పోనీ డబ్బు కట్టి వెళ్దాం అంటే మనిషికి 1,800, పైన జీఎస్టీ. ఇద్దరికీ 4,248 రూపాయలు. అమ్మ టిక్కెట్టు 4,600.

అమ్మ నా చెయ్యి పట్టుకుని “పద, ఇంతలో కొంప మునిగిందా” అంది. వాష్‌రూమ్‌లో బేసిన్ పక్కన నిలబడి ఇన్సులిన్ పొడుచుకుంది. వెనక ఎవరో చేతులు కడుక్కోవడానికి ఎదురుచూస్తున్నారు, పాపం వాళ్లకీ ఇబ్బందే. తర్వాత ఛార్జింగ్ పాయింటు పక్కన కూర్చుని పులిహోర తింది. తొమ్మిదిన్నరకి ఎయిర్‌లైన్ వాళ్లు ఫలహారం పంచారు. తీపి కేకు ముక్క, మామిడి జ్యూస్ ప్యాకెట్టు. అమ్మ రెండూ పక్క సీట్లో పిల్లాడికి ఇచ్చేసింది.

ఇంతే జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మూడున్నర గంటల్లో నాకు అనిపించింది ఒకటే: మన ఎయిర్‌పోర్టుల్లో కాసేపు నడుము వాల్చడం అనేది ప్రయాణికుడికి దొరికే సౌకర్యం కాదు, కార్డు గీకేవాడికి బ్యాంకు ఇచ్చే బహుమతి. ప్రయాణానికీ దానికీ సంబంధమే లేదు. నలభై నిమిషాల ముందు వచ్చి ఇడ్లీ తిని వెళ్లిపోయే ఆఫీసు మనిషికి తలుపు తీస్తుంది, ఆరు గంటలు కాచుకుని కూర్చున్నవాడికి తియ్యదు.

ఇది ఎలా తయారైందో కొంచెం చెప్పాలి, చాలామందికి తెలియదు కాబట్టి. మనం రెండు రూపాయలు గీకినప్పుడు లోపల తిన్నది రెండు రూపాయల తిండి కాదు. తలకి ఇంత అని బ్యాంకో, కార్డు నెట్‌వర్కో (రూపే, మాస్టర్‌కార్డ్ లాంటివి) కడుతుంది. మధ్యలో లెక్కలు చూసే కంపెనీ ఒకటి ఉంటుంది. జనం పెరిగారు, ఖర్చు పెరిగింది, బ్యాంకులు వెనక్కి తగ్గాయి. హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా కార్డుకి 2023 డిసెంబరు నుంచి మూడు నెలల్లో లక్ష ఖర్చు పెడితేనే లాంజ్ అన్నారు. ఐసీఐసీఐ వాళ్లు చాలా కార్డులకి 2024 ఏప్రిల్‌లో 35,000 అని పెట్టి, అదే ఏడాది నవంబరుకి 75,000 చేశారు. (నాది ఈ రెండు బ్యాంకులూ కాదు, ఊహించుకోకండి.) ఇక మధ్య కంపెనీ సంగతి: కార్డుల మీద లాంజ్‌కి వెళ్లే వ్యవహారంలో సింహభాగం డ్రీమ్‌ఫోక్స్ అనే ఒక్క సంస్థ చేతిలో ఉండేది. 2024 సెప్టెంబరులో ఒకరోజు వాళ్ల సేవ ఆగితే చాలా ఎయిర్‌పోర్టుల్లో జనాన్ని గుమ్మం నుంచే తిప్పి పంపారు. మరుసటి ఏడాది, 2025 సెప్టెంబరు 16 నుంచి, ఆ సంస్థ దేశీయ లాంజ్ సేవలే ఆపేసింది. కంపెనీల గొడవ కంపెనీలు చూసుకుంటాయి, బానే ఉంది, కానీ గుమ్మం ముందు సూట్‌కేసు పట్టుకుని నిలబడింది మాత్రం మేమే కదా.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. రెండు రూపాయల లాంజ్ కూడా సరైన పద్ధతి కాదు. తెల్లవారుజామున ఐదింటికి లాంజ్ బయట క్యూ చూస్తే శ్రీవారి సర్వదర్శనం గుర్తొస్తుంది. అందులో సగంమందికి ఆకలి లేదు, ఫ్రీ కాబట్టి వచ్చారు. నేనూ అలా వెళ్లినదాన్నే, గంట ముందే ఇంట్లో దోశ తిని వెళ్లి అక్కడ మళ్లీ తిన్నాను. కాబట్టి బ్యాంకులు బిగించాయని నా ఏడుపు కాదు. ఆ దారి మూసుకుంటే ఇంకో దారి ఏదీ లేకపోవడం గురించే ఈ ఉత్తరం. కౌంటర్‌లో డబ్బు కట్టి వెళ్లేవాడి కోసం పెట్టిన ధరని చూస్తేనే తెలుస్తుంది, అలాంటివాడు వస్తాడని వాళ్లు అనుకోవడమే లేదని.

దీనివల్ల మామూలు మనుషులకి ఏం జరుగుతోందో చెప్తాను.

1. అందరికంటే ఎక్కువసేపు ఎయిర్‌పోర్టులో ఉండేది గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి మగవాళ్లు, మా గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు. ఫ్లైటు తెల్లవారుజామున ఉంటుంది. బస్సు ఎప్పుడుంటే అప్పుడే రావాలి, ఆలస్యమైతే వీసా, టిక్కెట్టు, ఏజెంటుకి కట్టిన అప్పు అన్నీ పోతాయన్న భయంతో ఇంకో బస్సు ముందే ఎక్కేస్తారు. మా వీధిలో ఒక పిన్ని కువైట్ వెళ్తూ తొమ్మిది గంటల ముందు దిగింది. చెక్-ఇన్ కౌంటర్ తెరిచేది మూడు నాలుగు గంటల ముందే, అందాకా లాంజ్ ఉన్న వైపుకి వెళ్లడానికే లేదు. బయట ట్రాలీకి సంచి కట్టి, ఆ కట్టు చేతికి చుట్టుకుని, నేల మీద దుప్పటి పరుచుకుని పడుకుంది. పాస్‌పోర్టు జాకెట్లో పెట్టుకుంది, నిద్రపడితే ఎవరు తీస్తారో అని. ఏళ్ల తరబడి ఈ దేశానికి డబ్బు పంపబోయే మనిషి ఆమె. ఆమె చేతిలో ఉన్నది జనధన్ ఖాతా కార్డు, దానికి ఏ లాంజ్ తలుపూ తెరుచుకోదు.

2. షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు. అమ్మ సంగతి చెప్పాను, మళ్లీ చెప్పను.

3. పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు తక్కువ ఖర్చు పెడతారు. అవసరమైనదే కొనడం వాళ్ల అలవాటు. ఈ కొత్త లెక్క ప్రకారం పొదుపుగా ఉన్నవాడికి కుర్చీ లేదు. నా ఫ్రెండ్స్‌లో ఒకడు క్వార్టర్ చివర్లో గీత దాటడం కోసం అవసరం లేని టీవీ కొన్నాడు. నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

4. ఏ కార్డుకి ఉందో, ఏ క్వార్టర్‌కి ఉందో, ముందే వోచర్ తీసుకోవాలో, అక్కడికెళ్లి గీకాలో ఎవరికీ తెలియదు. ఈ గందరగోళం మోసగాళ్లకి బాగా కలిసొచ్చింది. 2024లో బెంగళూరు ఎయిర్‌పోర్టులో ఒకామె లాంజ్ పాస్ అనుకుని ఫోన్లో దొంగ యాప్ వేసుకుంది, ఆమె కార్డు మీద 87,000కి పైగా పోయాయి. వార్తల్లో వచ్చిందే. ఆమె తెలివితక్కువది కాదు, మీ పద్ధతే అంత చిక్కుగా ఉంది.

మీరు అనొచ్చు, లాంజ్ అంటే విలాసం, దానికి ప్రభుత్వానికి ఏం సంబంధం అని. కాగితం మీద అదే ఉంది కూడా. 2008 నాటి చట్టంతో వచ్చిన నియంత్రణ సంస్థ (ఇంగ్లీషు పొట్టి పేరు పలికితే ‘ఏరా’ అని వస్తుంది, మర్యాదగా పిలవడానికి తెలుగువాళ్లకి కొంచెం కష్టం) పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలకి సంబంధించిన ఛార్జీలను, ప్రతి టిక్కెట్టులో మనం కట్టే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజును నిర్ణయిస్తుంది. లాంజ్‌లు, షాపులు, పార్కింగ్ లాంటివి ఆ లెక్కలోకి రావు, ధర వాళ్ల ఇష్టం. అయితే 2016 పౌర విమానయాన విధానం ప్రకారం ఆ పక్క ఆదాయంలో 30 శాతాన్ని మన ఛార్జీలు తగ్గించే లెక్కలోకి తీసుకుంటారు. అంటే సంబంధం ఉంది. అక్కడ ఎంత వస్తుందో మీరు చూస్తూనే ఉన్నారు, ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నారో మాత్రం చూడట్లేదు.

పైగా తల్చుకుంటే అవుతుందని మీరే చూపించారు. ఎయిర్‌పోర్టులో తిండి ధరల మీద గోల మొదలయ్యాక, 2024 డిసెంబరులో కోల్‌కతాలో ఉడాన్ యాత్రీ కేఫ్ పెట్టారు. మంచినీళ్ల సీసా 10, టీ 10, కాఫీ 20, సమోసా 20. తర్వాత 2025 ఫిబ్రవరిలో చెన్నైలో. మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు మంత్రిగా ఉండగా జరిగిన పని, మెచ్చుకోవాల్సిందే. పది రూపాయల టీ ఇవ్వగలిగిన చోట, ఆ టీ తాగుతూ వీపు ఆనించే కుర్చీ ఎందుకు ఇవ్వలేరు? విజయవాడ రైల్వే స్టేషన్లో కన్ఫర్మ్ టిక్కెట్టు ఉన్న ఎవరికైనా రిటైరింగ్ రూమ్, డార్మిటరీ ఉన్నాయి. శుభ్రత సంగతి ఎలా ఉన్నా ధర ముందే తెలుస్తుంది, ఏ బ్యాంకు కార్డు ఉందని ఎవరూ అడగరు. సింగపూర్ చాంగీలో అయితే కాసేపు కునుకు తీయడానికి ఉచితంగానే చోట్లు పెట్టారు. అంత దూరం వద్దు, మన స్టేషన్ల దాకా వచ్చినా చాలు.

కాబట్టి అడుగుతున్నవి ఇవి.

1. బఫే లేని, కార్డుతో పనిలేని, గంటల లెక్కన డబ్బు కట్టి కూర్చునే చోటు ప్రతి పెద్ద ఎయిర్‌పోర్టులో పెట్టండి. వాలు కుర్చీ, మంచినీళ్లు, ఛార్జింగ్, పక్కనే శుభ్రమైన టాయిలెట్, ఒక మూల తెర కట్టి ఇన్సులిన్ వేసుకోవడానికో బిడ్డకి పాలివ్వడానికో కాస్త చోటు. తిండి కావాలంటే విడిగా కొనుక్కుంటాం. ఇప్పుడు లాంజ్ ధరలో ముప్పావు వంతు తినని తిండికీ తాగని డ్రింకులకీ పోతుందని నా అంచనా, తప్పైతే లెక్క చూపించండి. రెండు గంటలకి 200 రూపాయలు అంటే మా అమ్మ కూడా సంచిలోంచి తీసి ఇచ్చేది. యూపీఐ ఉంటే చాలు, లేకపోతే నోటు తీసుకోండి. అరవై దాటినవాళ్లకి, గర్భిణులకి సగం ధర.

2. ఇది సెక్యూరిటీ దాటాక మాత్రమే కాదు, చెక్-ఇన్‌కి ముందు వైపు కూడా ఉండాలి. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి, వాళ్లని దింపడానికి వచ్చే ఇంటివాళ్లకి కావాల్సింది అక్కడే. ఇది మర్చిపోతే మిగతావన్నీ చేసినా మాలాంటి వాళ్లకే లాభం, మా వీధి పిన్నికి కాదు. భోగాపురం లాంటి కొత్త ఎయిర్‌పోర్టుల్లో అయితే ఎవరూ అడగకముందే ఈ చోటు తీసి ఉంచాలి.

3. తక్కువ దూరం ఫ్లైటు రెండు గంటలకి మించి లేటైతే ఫలహారం ఇవ్వాలని డీజీసీఏ (ఎయిర్‌లైన్లకి నియమాలు పెట్టే ప్రభుత్వ విభాగం) నిబంధన ఉంది. దానికి ఒక వాక్యం కలపండి: ప్యాకెట్టు వద్దన్నవాళ్లకి ఈ విశ్రాంతి చోటుకి చీటీ ఇవ్వాలి, షుగరు ఉన్నవాళ్లకి కేకు కాకుండా వేరేది పెట్టాలి.

4. ఇప్పుడున్న లాంజ్‌ల గుమ్మం మీద, వెబ్‌సైట్లో, జీఎస్టీతో కలిపి మొత్తం ధర రాయండి. పసిపిల్లలకి ఎంత, ఎన్ని గంటలు, అన్నీ. ఆ ఊళ్లో మాట్లాడే భాషలో కూడా.

5. బ్యాంకులకి: కార్డుల మీద రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో ఛార్జీలు మారిస్తే కనీసం నెల ముందు చెప్పాలని ఉంది, ఆ మార్పు నచ్చక కార్డు వదిలేస్తే అదనంగా ఏమీ తీసుకోకూడదనీ ఉంది. లాంజ్ కోతకి కూడా అదే వర్తింపజేయండి, ఏడాది ఫీజు ముందే తీసుకుని మధ్యలో కోస్తే మిగిలిన నెలల ఫీజు వెనక్కివ్వండి. యాప్ తెరవగానే “ఈ రోజు మీకు లాంజ్ ఉంది, ఒకసారి మిగిలింది” అనో “లేదు” అనో ఒక్క లైను కనపడాలి. పన్నెండు పేజీల పీడీఎఫ్ ఎవరూ చదవరు, అది మీకూ తెలుసు. కార్డు అమ్మేటప్పుడు మాత్రం ఎంత చక్కటి తెలుగులో ఫోన్ చేస్తారో! కోసినప్పుడు కూడా అదే తెలుగులో మెసేజ్ పెట్టండి.

6. మధ్య కంపెనీ సర్వర్ ఆగినా, ఒప్పందం తెగినా, అర్హత ఉన్న ప్రయాణికుడిని లోపలికి పంపి తర్వాత మీలో మీరు లెక్క తేల్చుకోండి.

7. నియంత్రణ సంస్థ ఛార్జీలు ఖరారు చేసేముందు సంప్రదింపుల పత్రం పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. ఈసారి ఆ పత్రంలో విశ్రాంతి సౌకర్యం గురించి ఒక ప్రశ్న చేర్చండి. ఆ మీటింగ్‌కి ఎయిర్‌లైన్ల వాళ్లనీ కంపెనీల వాళ్లనీ పిలిచినట్టే కువైట్ నుంచి సెలవుకి వచ్చిన ఇద్దరిని పిలిచి పది నిమిషాలు మాట్లాడనివ్వండి, నేను రాసినదానికంటే వాళ్లే బాగా చెప్తారు.

మొదటి రెండూ చేస్తే మిగతావి మెల్లగా చేసినా ఏమీ అనుకోను. ఏ ఎయిర్‌పోర్టులో మొదలుపెడతారో, ఎప్పటికో రాతపూర్వకంగా చెప్పండి చాలు, మళ్లీ లింకులు పంపకండి.

అమ్మ సంక్రాంతికి ఊరెళ్లాలి. టిక్కెట్లు తీసేశాను, మళ్లీ సాయంత్రం ఫ్లైటే దొరికింది. ఈసారి పులిహోర కాదు, పెరుగన్నం కట్టుకెళ్దామంటోంది. అది సెక్యూరిటీలో వదులుతారో లేదో కూడా ఆ జవాబులోనే రాయండి.

ఇట్లు,
ఇనుప కుర్చీలో మూడున్నర గంటలు కూర్చున్న ఒక కూతురు